బదులు పని: పరిశోధక స్త్రీల పరస్పర సహాయము

డాక్టరేటు పట్టమునకు సమర్పించే సిద్ధాంత గ్రంథము మీద ఒక్కరి పేరే ఉంటుంది. ఇది నా స్వంత కృషి అని, మరెక్కడా సమర్పించినది కాదని అభ్యర్థి సంతకము చేసి ఇవ్వవలసి ఉంటుంది. నియమము న్యాయమైనదే. కాని ఆ నియమమును చూచి లోకము మరొక అభిప్రాయము కూడా ఏర్పరచుకొన్నది. పరిశోధన అంటే ఏకాంత తపస్సు అనీ, తెలివి, పట్టుదల ఉన్నవారు ఒంటరిగా గట్టెక్కుతారనీ, లేనివారు నడుమ మానుకొంటారనీ చాలమంది నమ్ముతారు. ఇది పూర్తిగా నిజము కాదు. నాలుగైదేండ్ల పరిశోధనను ఎవరూ ఒంటరిగా సాగించలేరు. కొందరికి తోడు ముందే సిద్ధముగా ఉంటుంది. మరికొందరు దానిని తామే సమకూర్చుకోవలసి వస్తుంది. తేడా అంతా అక్కడ ఉన్నది.

చదువుకొన్న కుటుంబమునుండి వచ్చిన యువకుని సంగతి చూడండి. తండ్రో, మేనమామో కళాశాలలో పనిచేసి ఉంటారు. ఏ ఆచార్యునివద్ద చేరాలో, ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో ఇంటిలోనే తెలుస్తుంది. సాయంకాలము గైడుగారితో టీ దుకాణమువరకు నడచి వెళ్తే, ఆ పది నిమిషముల మాటలలో పుస్తకములలో లేని సంగతులు ఎన్నో చెవిన పడతాయి. ప్రయోగశాలనుండి రాత్రి పదకొండు గంటలకు వచ్చినా అడిగేవారుండరు. ఇవేవీ సహాయములని అతనికి తోచవు. అడుగకుండా వచ్చినవి గనుక. గుంటూరు, ప్రకాశము ప్రాంతపు నల్లరేగడి పల్లెలనుండి, తమ ఇంటిలో మొదటి తరముగా చదువుకొని పరిశోధనకు వచ్చిన ఆడపిల్లకు వీటిలో ఒక్కటీ అడుగకుండా రాదు. అందుచేత ఆమె తనవంటివారితో కలిసి ఒక చిన్న సమాజమును కట్టుకోవలసి ఉంటుంది. అట్టి సమాజము ఎట్లా ఏర్పడుతుంది, దేనిమీద నిలుస్తుంది, ఎక్కడ బీటలు వారుతుంది అనే విషయములను ఈ ప్రసంగములో వివరించదలచినాము.

ముందుగా ఈ నేలను గురించి కొంత చెప్పుకోవాలి. పూర్వపు గుంటూరు జిల్లాలోని కొంత భాగము 1970 లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాకే 1972 లో ప్రకాశము అని పేరు పెట్టినారు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినవి. ఎల్లలు ఎన్నిసార్లు మారినా ఈ మైదానములో ప్రత్తి, మిరప మారలేదు. ఆ రెండు పైరులూ స్త్రీల చేతులమీదనే ఇంటికి వస్తవి. కలుపు తీయడము, ప్రత్తి తీయడము, మిరపకాయ కోయడము, కల్లములో తాలుకాయ ఏరడము ఆడవారి పనులు. మిరప కోతల కాలములో కర్నూలు పడమటి ప్రాంతమునుండి కుటుంబములకు కుటుంబములే ఇక్కడికి వలస వస్తవి. వారితో వచ్చిన పిల్లల చదువు ఆ నెలలలో నిలిచిపోతుంది.

ఈ పైరులు లాభమునకు ఎంత పేరుపడినవో నష్టమునకూ అంత పేరుపడినవి. 1987-88 ప్రాంతములో తెల్లదోమ ప్రత్తిని దెబ్బతీసినప్పుడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో అప్పులు తీర్చలేని రైతులు ప్రాణములు తీసుకొన్నారు. 2021 లో కొత్తరకపు తామర పురుగు మిరపపూతలో చేరి ఎకరములకు ఎకరములు పాడుచేసినది. ఇట్టి సంవత్సరములలో ఇంటి ఖర్చులలో మొదట కోతపడేది తరచుగా ఆడపిల్ల చదువే. ఈ ఒడుదుడుకులన్నిటినీ దాటి ఒక అమ్మాయి డాక్టరేటు చదువులో చేరినదంటే, ఆమె వెనుక తల్లి కష్టము, అక్క మానుకొన్న చదువు, ఒక పంట అప్పు ఉన్నవని మనము గ్రహించాలి. ఆ చదువు మధ్యలో ఆగితే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు.

చదువుకొనే చోట్లకు ఈ ప్రాంతములో కొరతలేదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 లో వెలసినది. గుంటూరు చెంతనున్న లాం పరిశోధన క్షేత్రమునుండి వచ్చిన మిరప వంగడములను రైతులు నేటికీ నంబర్లతో పిలుచుకొంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1967 లో గుంటూరులో స్థాపించిన స్నాతకోత్తర కేంద్రమే 1976 లో నాగార్జున విశ్వవిద్యాలయమైనది. ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయము ఉన్నది. దేశము మొత్తముమీద చూస్తే, ఉన్నత విద్యపై కేంద్ర ప్రభుత్వము జరిపే సర్వే ప్రకారము, డాక్టరేటు చదువులో ఉన్న స్త్రీలు 2014-15 లో సుమారు 48 వేలమంది; 2021-22 నాటికి వారు సుమారు 99 వేలమందియైనారు. ఏడేండ్లలో రెట్టింపు. ఇది సంతోషింపదగిన సంగతి. కాని చేరడము వేరు, ముగించడము వేరు. తలుపు తెరచినంత మాత్రమున లోపల కూర్చొనుటకు చోటు ఉన్నట్లు కాదు.

స్త్రీలు కలిసి చదువుకొనుట మన ప్రాంతమునకు కొత్త కాదు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922 లో శారదానికేతనమును స్థాపించినారు. వితంతువులు, చదువునకు నోచుకోని బాలికలు అక్కడ ఒకే కప్పు క్రింద నివసించి చదువుకొన్నారు. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1931 లో స్త్రీ హితైషిణీ మండలిని నెలకొల్పినారు. మద్రాసులో దుర్గాబాయమ్మగారు ఆంధ్ర మహిళా సభను ప్రారంభించి, బడి వయస్సు దాటిన తెలుగు స్త్రీలను కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధము చేయించినారు. ఇంటిపని ముగించుకొని వచ్చిన నలుగురు ఒక దీపము చుట్టూ కూర్చొనడమనే పద్ధతి ఆ విధముగా మనలో నాటుకొన్నది. ఆ దీపము నాడు అక్షరములకు వెలిగినది. నేడు సిద్ధాంత గ్రంథమునకు వెలుగవలసి ఉన్నది.

మన ఎల్లలు దాటి చూచినా ఇదే కథ. అమెరికాలో నల్లజాతి స్త్రీలు మొట్టమొదట డాక్టరేట్లు పొందినది 1921 లో. ఆ ఒక్క సంవత్సరములోనే ముగ్గురు, ఈవా డైక్స్, శాడీ మోసెల్, జార్జియానా సింప్సన్, పట్టభద్రులైనారు. వీరిలో సింప్సనుగారు 1907 లో షికాగో విశ్వవిద్యాలయపు స్త్రీల వసతిగృహములో చేరినప్పుడు, కొందరు శ్వేతజాతి విద్యార్థినులు ఆమెతో కలిసి ఉండబోమన్నారు. వసతిగృహ అధికారిణి ఆమెను ఉండనిచ్చినా, అధ్యక్షుడు ఆమెను వెళ్లిపొమ్మన్నాడు. పదునాలుగేండ్ల తరువాత అదే విశ్వవిద్యాలయము ఆమెకు డాక్టరేటు ఇచ్చినది. అప్పటికి ఆమె వయస్సు ఏబదియైదు. ఆమె తెలివికి పరీక్ష పెట్టినవారు తరగతి గదిలో ఉన్నారు. ఆమె నిలకడకు పరీక్ష పెట్టినవారు భోజనశాలలో ఉన్నారు.

దీనికి భిన్నముగా మరొక ఉదాహరణము ఉన్నది. కేరళమునుండి వెళ్లిన జానకి అమ్మాళ్ మిచిగన్ విశ్వవిద్యాలయములో 1931 లో వృక్షశాస్త్రమున డాక్టరేటు పొందినారు. ఆసియా స్త్రీల కొరకు బార్బర్ అనే దాత ఏర్పరచిన విద్యార్థి వేతనము ఆమెకు లభించినది. చైనా, జపాను, భారతదేశముల స్త్రీలు ఆ వేతనము మీద అక్కడ చదువుకొన్నారు. స్త్రీలకై నిర్మించిన వసతిగృహములో ఆమెకు చోటు దొరికినది. ప్రతిభ ఆమెదే. కాని ఆ ప్రతిభకు అన్నము, గది, తనవంటి పరదేశపు తోడు ముందుగా సమకూరినవి. మన దేశములోనే అయితే, కమలా సొహోనీ 1933 లో బెంగుళూరు విజ్ఞాన సంస్థలో ప్రవేశము కోరినప్పుడు, ఆడపిల్ల అనే కారణముచేత మొదట నిరాకరించి, తరువాత ఒక సంవత్సరము పరీక్షగా చూస్తామనే షరతుమీద చేర్చుకొన్నారు. ఆమె 1939 లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు సంపాదించినారు. ఆమెవలె ఒంటరిగా పోరాడగలవారు ఏ కాలములోనైనా కొందరే. చదువు ఆ కొందరికే పరిమితము కాకూడదంటే తోడు కావాలి.

అమెరికాలో నల్లజాతి, ఆసియా, లాటిను అమెరికా, ఆదివాసి స్త్రీలు తమను ఉమ్మడిగా ‘వర్ణ స్త్రీలు’ అని చెప్పుకొంటారు. 1977 లో హ్యూస్టను నగరములో జరిగిన జాతీయ మహిళా సభనుండి ఈ పేరు రాజకీయ ఐక్యతకు గుర్తుగా వాడుకలోనికి వచ్చినది. అది చర్మపు రంగును వర్ణించే మాట కాదు. కలిసి నిలబడతామనే ఒప్పందపు మాట. 2001 లో ఫ్లోరిడాలో నల్లజాతి విద్యావంతురాండ్రు ‘సిస్టర్స్ ఆఫ్ ది అకాడమీ’ అనే సంస్థను నెలకొల్పి, డాక్టరేటు చదువుకొంటున్నవారిని ఒకచోట కూర్చోబెట్టి, పెద్దలచేత వారి అధ్యాయములను చదివించి దిద్దించే శిబిరములు నడిపినారు. ఓదార్పు మాటలతో సరిపెట్టలేదు. కాగితము ముందు పెట్టుకొని కూర్చొన్నారు.

గుంటూరునుండి ఆ దేశమునకు చదువుకు వెళ్లే మన అమ్మాయిలూ అక్కడ ఆ పేరు క్రిందికే వస్తారు. ఊరిలో మోతుబరి ఇంటి బిడ్డగా పెరిగిన అమ్మాయి, అక్కడ తన ఉచ్చారణను విని మొగము చిట్లించేవారిని మొదటిసారిగా చూస్తుంది. దళితవాడనుండి వెళ్లిన అమ్మాయికి ఆ చూపు కొత్త కాదు; పైగా అక్కడి తెలుగువారి విందులలో ఇంటిపేరు, ఊరిపేరు అడిగి లోపల లెక్కవేసుకొనే అలవాటు ఆమెను అంతదూరము వెంటాడుతుంది. 2019 లో బ్రాండైస్ విశ్వవిద్యాలయము, 2022 లో కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయము తమ వివక్షా నిషేధ నియమములలో కులమును చేర్చవలసి వచ్చినదంటే కారణము ఇదే. ఈ సంగతికి మరల వస్తాము.

ఇక అసలు ప్రశ్న. పరిశోధక స్త్రీల సమాజము దేనిమీద నిలుస్తుంది? స్నేహముమీద అని చాలమంది అంటారు. స్నేహము మంచిదే, కాని అది చాలదు. మా ప్రాంతపు చిన్నరైతుల ఇండ్లలో తెలిసిన ఒక పాత పద్ధతి దీనికి మంచి పోలిక. కూలి ఇచ్చుకోలేని కుటుంబములు ఒకరి చేలో మరొకరు పనిచేసి, ఆ పనిని పనితోనే తీర్చుకొంటారు. దీనినే బదులు అంటారు. నేడు నీ చేను, ఎల్లుండి నా చేను. ఇందులో దానము లేదు, దయ లేదు, చిన్నతనము లేదు. వచ్చినవారు రోజు చెప్పి వస్తారు. రానివారు కబురు పెడతారు. ఎవరెన్ని పూటలు చేసినదీ అందరికీ జ్ఞాపకముంటుంది. ఇద్దరి మధ్య మనస్పర్థలు ఉన్నా పని ఆగదు. పరిశోధక స్త్రీల తోడ్పాటు కూడా ఈ బదులు పనివలె నడచినచోటనే నిలుస్తుందని మా అభిప్రాయము. ఎట్లాగో కొన్ని పనులను తీసుకొని చూద్దాము.

మొదటిది, దారి తెలియజెప్పుట. డాక్టరేటు చదువులో సగము భయము తెలియనితనమువల్ల వచ్చేది. ఉదాహరణకు, విశ్వవిద్యాలయ గ్రాంట్స్ సంఘము 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారము డాక్టరేటునకు సాధారణ గడువు ఆరేండ్లు. మరల నమోదు చేసుకొంటే ఇంకొక రెండేండ్లు. స్త్రీలకు ఆపైన మరి రెండేండ్లు సడలింపు. చదువు కాలములో ప్రసూతికి, శిశు సంరక్షణకు కలిపి 240 దినములవరకు సెలవు పొందవచ్చును. పెండ్లివల్ల ఊరు మారవలసి వచ్చినా, కొన్ని షరతులకు లోబడి పరిశోధనను మరొక విద్యాసంస్థకు మార్చుకొనే అవకాశమున్నది. ఈ మూడు సంగతులు తెలియక, పెండ్లి అయినదనో, బిడ్డ పుట్టినదనో, గడువు దాటినదనో చదువును చేజేతులా వదలుకొనే ప్రమాదము ఉన్నది. పై సంవత్సరములోని అక్క ఒక సాయంకాలము కూర్చొని క్రింది సంవత్సరపు చెల్లెలికి ఇవి చెప్పితే, దానికి ఖర్చు ఏమీ లేదు. అది ఒక చదువును నిలబెట్టగలదు.

రెండవది, వ్రాసినదానిని చదువుట. తెలుగు మాధ్యమములో చదువుకొన్న పిల్ల ఇంగ్లీషులో సిద్ధాంత గ్రంథము వ్రాయవలసి వచ్చినప్పుడు, తన భాషలో తప్పులున్నవనే సంకోచముతో గైడుగారికి చూపించుట వాయిదా వేస్తుంది. నెలలు గడుస్తవి. ఇక్కడ ఒక సులభమైన పద్ధతి ఉన్నది. అధ్యాయము వ్రాసిన అమ్మాయి దానిలోని వాదమును ముందు తెలుగులో, కాగితము చూడకుండా, తోటివారికి పావుగంట చెప్పాలి. వినేవారు వేరే శాస్త్రమువారైనా నష్టములేదు, మేలే. వారికి ఎక్కడ అర్థము కాలేదో అక్కడ లోపము ఇంగ్లీషులో లేదు, ఆలోచనలో ఉన్నది. ఆ తరువాత వాక్యములు దిద్దుకోవచ్చును. ప్రతి పక్షములో ఒకరి వంతు వచ్చేటట్లు నలుగురైదుగురు ఏర్పాటు చేసుకొంటే, ఏడాదిలో ఒక్కొక్కరికి ఐదారుసార్లు వినేవారు దొరుకుతారు. వంతు తప్పకపోవుట ముఖ్యము. మెచ్చుకొనుట ముఖ్యము కాదు.

మూడవది, క్షేత్రమునకు తోడు. కీటకశాస్త్రములో పరిశోధన చేసే విద్యార్థిని మిరపతోటలో పూవుకు ఎన్ని తామర పురుగులున్నవో వారమునకొకసారి, గుర్తుపెట్టిన మొక్కలమీదనే లెక్కించవలసి ఉంటుంది. ఒక వారము తప్పితే ఆ వరుస తెగిపోతుంది. తెగిన వరుసను మరుసటి పంటకాలమువరకు అతుకలేము. జ్వరము ఆ సంగతి ఎరుగదు. అట్టి దినమున లెక్కపద్ధతి నేర్చిన మరొక అమ్మాయి వెళ్లి లెక్కించి, ఎవరు లెక్కించినదీ పుస్తకములో వ్రాసి వస్తే ఒక సంవత్సరము మిగులుతుంది. చరిత్ర, సమాజశాస్త్రము, జానపద సాహిత్యము చదివేవారు పల్లెలకు వెళ్లి ముసలివారిని పలుకరించవలసి ఉంటుంది. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరు మాట్లాడుతారు, ఒకరు వ్రాసుకొంటారు. తిరిగి వచ్చే చివరి బస్సును గురించి ఇంటిలోనివారి దిగులూ తగ్గుతుంది. గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారిగారు తెలుగు జానపద గేయగాథలపై పరిశోధన చేసి డాక్టరేటు పొందినారు, తరువాత తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షురాలైనారు. అట్టి పరిశోధనలో పాట పాడి వినిపించే ప్రతి పల్లెటూరి స్త్రీయు ఒక విధముగా భాగస్వామియే.

నాలుగవది, చేబదులు. జాతీయ పరీక్షలో నెగ్గినవారికి లభించే ఫెలోషిప్పు 2023 జనవరినుండి నెలకు 37 వేల రూపాయలు. అది అందరికీ దొరకదు. దొరికినవారికీ ప్రతి నెల చేతికి రాదు. ఆలస్యమైన నెలలలో భోజనశాల బిల్లు ఆగదు. పల్లెలలో మన తల్లులు నడిపే చీటీ వంటిది, నెలకు కొద్దిపాటి మొత్తము వేసుకొని అవసరమున్నవారు ముందు తీసుకొనేటట్లు, పదిమంది విద్యార్థినులు నడుపుకోవచ్చును. వడ్డీ ఉండదు, కాని లెక్క ఉండాలి. లెక్క లేనిచోట స్నేహము ముందు తెగుతుంది, డబ్బు తరువాత పోతుంది.

ఐదవది, బిడ్డల సంగతి. సిద్ధాంత గ్రంథపు చివరి సంవత్సరము, మొదటి బిడ్డ పుట్టే సంవత్సరము తరచుగా ఒకటే అవుతున్నవి. పురుషుని విషయములో ఈ రెండూ ఢీకొనవు. ఆమె ప్రయోగశాలలో రెండు గంటలు పనిచేయుటకు ఒకరు బిడ్డను ఎత్తుకోవాలి. ఇది చిన్న సాయమని తోచవచ్చును. ఆ రెండు గంటలే ఆనాటికి ఆమె పరిశోధన.

ఈ బదులు పొలములోని బదులుకంటె ఒక విషయములో వేరు. చేనిపనిలో సాయము చేసినవారికే సాయము తిరిగి చేస్తారు. చదువులో అట్లా కుదరదు. దారి చూపిన అక్క పట్టము పుచ్చుకొని వెళ్లిపోతుంది. ఆమె ఋణము ఆమెకు తీరదు. తరువాత వచ్చిన చెల్లెలికి తీర్చాలి. ఋణము ముందుకు నడవాలి. ఒక తరము దగ్గర ఆగిపోతే మరుసటి తరము మరల మొదటినుండి ఆరంభించవలసి ఉంటుంది.

కలిసి పరిశోధన చేయుటకు తెలుగునేలమీద ఒక గొప్ప ఉదాహరణము ఉన్నది. హైదరాబాదులో 1970ల చివర ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను వారి నోటనే సేకరించి 1986 లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే గ్రంథమును వెలువరించినారు. గ్రంథకర్తగా ఉన్నది ఒకరి పేరు కాదు, సంఘము పేరు. అదే నగరములో 1985 లో వెలసిన అన్వేషి పరిశోధన కేంద్రము, విశ్వవిద్యాలయములలో ఉన్న స్త్రీలకూ లేనివారికీ ఒకచోట కూర్చొని చదివే అవకాశము కల్పించినది. విశ్వవిద్యాలయము ఒక్కరికే పట్టమిస్తుంది. జ్ఞానము మాత్రము పదిమంది చేతులమీదుగా వస్తుందని ఆ గ్రంథము నిరూపించినది.

అయితే ఇటువంటి సమాజములు ఎక్కడ బీటలు వారుతవో దాచకుండా చెప్పుకోవాలి. ‘మనమందరము ఆడవారమే కదా’ అనే మాట వినుటకు తీయగా ఉంటుంది. ఆ మాటచాటున కులము దాగి ఉంటుంది. వసతిగృహములో గదులు పంచుకొనేటప్పుడు, చీటీలో ఎవరిని చేర్చుకోవాలో ఆలోచించేటప్పుడు, గైడుగారి ఇంటి వేడుకకు ఎవరిని పిలవాలో నిర్ణయించేటప్పుడు అది బయటపడుతుంది. రిజర్వేషనుమీద వచ్చినదనే ఒక్క మాట, ఎన్ని రాత్రుల శ్రమనైనా తుడిచివేయగలదు. దళిత స్త్రీల అనుభవము వేరని, దానిని వారే చెప్పాలని 1995 లో జాతీయ దళిత స్త్రీల సమాఖ్య ఏర్పడినప్పుడు దేశమంతటా చర్చ జరిగినది. తెలుగులో గోగు శ్యామలగారి సంపాదకత్వమున 2003 లో వచ్చిన ‘నల్లపొద్దు’, 1921 మొదలు 2002 వరకు దళిత స్త్రీలు వ్రాసిన సాహిత్యమును ఒకచోటికి చేర్చినది. ఆ పుస్తకము ఒక పరిశోధక విద్యార్థిని చేతికి అందినప్పుడు, తనకు ముందు ఎనభై ఏండ్లుగా వ్రాసినవారున్నారని ఆమెకు తెలుస్తుంది. అదీ ఒక తోడే.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు శారదానికేతనమునకే కాదు, ‘మాలపల్లి’ నవలకు కూడా కర్త అని ఇక్కడ జ్ఞాపకము చేసుకోవడము మంచిది. స్త్రీల చదువు, అంటరానితనపు నిర్మూలనము ఆయన జీవితములో రెండు వేరు పనులు కాలేదు. గుంటూరులో పెరిగిన వేముల రోహిత్ అనే పరిశోధక విద్యార్థి, హైదరాబాదు విశ్వవిద్యాలయములో వసతిగృహమునుండి బహిష్కృతుడై 2016 జనవరి 17 న ప్రాణము తీసుకొన్నాడు. ఆ దుఃఖము ఈ మైదానమును వదలలేదు. విద్యాలయములో ఒంటరితనము మనోబలహీనత కాదని, అది కొందరిమీద కొందరు మోపే భారమని ఆ మరణము చెప్పినది. స్త్రీల సమాజమునకు ఇందులో ఒక కొలబద్ద ఉన్నది. తమలో అందరికంటె తక్కువ పలుకుబడి గల అమ్మాయి సమావేశములో చివర మాట్లాడుతున్నదా, మొదట మాట్లాడుతున్నదా? టీ కాచేది ఎప్పుడూ ఆమెయేనా? ఆమె వ్రాసినదానిని చదువుటకు వంతు వచ్చినప్పుడు మిగిలినవారు వస్తున్నారా? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోలేని సమాజము బదులు పని కాదు. ఒకరి చేలో అందరూ చేసే వెట్టి.

మరొక హెచ్చరిక కూడా అవసరము. విద్యార్థినులు ఒకరినొకరు ఆదుకొంటున్నారు గదా అని సంస్థలు చేతులు దులుపుకోరాదు. వేతనము సకాలమున చెల్లించుట, వసతిగృహమును, శిశు సంరక్షణాలయమును ఏర్పాటు చేయుట, గైడు అనుచితముగా ప్రవర్తిస్తే విచారించుట సంస్థల విధులు. పనిచేసేచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించుటకు 2013 లో వచ్చిన చట్టము ప్రకారము విచారణ సంఘము ఉండి తీరాలి. ఆ సంఘములో ఎవరున్నారో, ఫిర్యాదు ఎట్లా వ్రాయాలో తోటి స్త్రీలు చెప్పగలరు. ఫిర్యాదు చేసినదాని పక్కన కూర్చొనగలరు. కాని న్యాయము చేయవలసినది సంస్థయే. తోడు అనేది హక్కునకు బదులుగా ఇచ్చేది కాదు, హక్కును అడుగుటకు బలమిచ్చేది.

కుటుంబములవారికి కూడా ఒక మనవి. ‘ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ చదువు’ అని అడుగుట సహజము. ప్రత్తి ఆరేడు నెలలలో చేతికి వస్తుంది. ఈ పంటకు ఐదారేండ్లు పడుతుంది. ఆ ప్రశ్నకు బదులు, ‘ఈ వారము ఏమి చదివినావు, మాకు అర్థమయ్యేటట్లు చెప్పు’ అని అడిగి చూడండి. పురుగును గురించో, నేలను గురించో, పాటను గురించో ఆమె చెప్పబోయేది మీకు తెలిసిన సంగతే అయి ఉండవచ్చును. మీరు చెప్పేది ఆమె పుస్తకములో లేనిదీ కావచ్చును. అధ్యాపకులకు మనవి ఏమనగా, విద్యార్థినులు కూర్చొనుటకు సాయంకాలము ఒక గది తాళము ఇప్పించండి. పెద్ద ఉపకారములు చాలవరకు ఇటువంటి చిన్న తాళపుచెవులతోనే మొదలవుతవి.

ఇక పరిశోధనలో ఉన్న సోదరీమణులకు చెప్పవలసినది క్లుప్తము. వారములో ఒక దినము నిర్ణయించుకోండి. నలుగురు చాలు. వంతు వ్రాసుకోండి. మీకంటె ఒక మెట్టు క్రింద నిలిచిన అమ్మాయిని తప్పక పిలవండి. వచ్చిననాడు ఆమెకు మొదట మాట్లాడే అవకాశమివ్వండి. మీ గ్రంథమునకు ముందుమాటలో కృతజ్ఞతలు వ్రాసే పుట వచ్చినప్పుడు ఈ పేర్లను మరువకండి. పట్టము మీద ఒక్క పేరే ఉంటే ఉండనివ్వండి. ఆ పుటమీద మాత్రము అందరి పేర్లు ఉండాలి.